గోదాము మేడ అయితే మన వాటా ఏది?

(మేడ్చల్, శామీర్‌పేట కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా నాయిన బాలానగర్‌ల ఒక గోదాములో హమాలీ. ముప్పై ఏండ్లు బస్తాలు మోసిండు. ఆ గోదాము మూతపడ్డది. ఇప్పుడు అదే జాగల కింద దుకాణాలు, నడుమ ఆఫీసులు, పైన ఫ్లాట్లు లేస్తయట. మొన్న పోయి గేటు కాడ నిలబడితే వాచ్‌మన్ "నీకేం పని?" అని అడిగిండు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇయ్యాల మీ ముందుకు వచ్చిన.

ఇది ఒక్క గోదాము ముచ్చట కాదు. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం పారిశ్రామిక భూముల మార్పిడి విధానం తెచ్చింది. ఔటర్ రింగు రోడ్డు లోపల, దాని పక్కన ఉన్న సుమారు 9,292 ఎకరాలలో ఇండ్లు, దుకాణాలు, ఆఫీసులు కట్టుకోవచ్చన్నది. జీడిమెట్ల, బాలానగర్, మౌలాలి, నాచారం ఇందులోవే. యజమాని రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, పెద్ద రోడ్డు మీదైతే 50 శాతం సర్కారుకు కట్టాలె. కార్ఖానాలు జనం నడుమ నుంచి పోవుడు మంచిదే. ఆ పొగ పీల్చింది మన బస్తీలే. మేడలు వద్దని మనం అనడం లేదు. లెక్క అడుగుతున్నం. సర్కారుకు ఫీజు, యజమానికి లాభం. భూమి పోయినోనికి ఏమిటి? చెమట పోసినోనికి ఏమిటి?

కార్ఖానాలకు భూములు గుంజుకున్ననాడు 1894 నాటి బ్రిటిష్ చట్టం చూపి 'ప్రజాప్రయోజనం' అన్నరు. మరి కోటి రూపాయల ఫ్లాటు ఏ ప్రజల ప్రయోజనం? సేకరించిన భూమిని అభివృద్ధి చేయకుండానే ఇంకొకరికి అమ్మితే, పెరిగిన విలువలో 40 శాతం భూమి పోయినవాళ్ళకు పంచాలని 2013 భూసేకరణ చట్టం 102వ సెక్షన్ చెప్తుంది. దానికీ అయిదేండ్ల గడువు పెట్టింది. పాత చట్టం కింద పోయిన భూములకు అదీ లేదు. అంటే మన తాతలకు అన్యాయం జరిగిందని ఒప్పుకొని, సరిదిద్దడం మాత్రం మరిచిపోయిండ్రు.

జీడిమెట్ల సంగతి మేడ్చల్, శామీర్‌పేటలో ఎందుకంటరా? నాగపూర్ రోడ్డు పొంటి చూడుండ్రి, గోదాముల మీద గోదాములు. పారడైజ్ నుంచి మేడ్చల్‌కు, జూబ్లీ బస్ స్టేషన్ నుంచి శామీర్‌పేటకు మెట్రో నివేదికలు తయారు చేయమని 2025 జనవరిలో ముఖ్యమంత్రి ఆదేశించిండు. రైలు ఇంకా రాలేదు, దళారులు మాత్రం ముందే వచ్చిండ్రు. నేటి గోదాము రేపటి మేడ. ఆ గోదాము కింద ఉన్నది ఎవరి లావణి పట్టానో ఇప్పుడే తెలుసుకోవాలె. మేడ లేచినంక తవ్వితే కాగితం కూడా దొరకదు.

గుర్తు పెట్టుకోండి. పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని కొనడం, అమ్మడం చెల్లదని 1977 నాటి 9వ చట్టం చెప్పింది. సర్కారు తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారం ఇయ్యాలని 2004లో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. "లావణి భూమే గదా, ఇచ్చినంత తీసుకో" అని ఎవడన్నా బెదిరిస్తే ఈ రెండు మాటలు చెప్పుండ్రి.

చేయవలసిన పని మూడు రకాలు. ఒకటి, ఊరూరా 1954-55 ఖాస్రా పహాణీ, అసైన్‌మెంట్ రిజిస్టరు నకళ్ళు సమాచార హక్కు చట్టం కింద అడగాలె. తెల్లకార్డు ఉన్నోళ్ళకు ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు రావాలె. రెండు, గోదాములలో పనిచేసిన హమాలీలు, ఊడ్చిన అక్కల పేర్లు, ఏండ్లు రాసిపెట్టాలె. హాజరు పుస్తకంలో లేనోళ్ళ పేర్లే ముందు రాయాలె. మూడు, ఆ 30, 50 శాతం ఫీజులో భూమి పోయినవాళ్ళకూ, కూలీల ఇండ్లకూ వాటా కేటాయించాలని కలెక్టరుకు ఊరుమ్మడిగా దరఖాస్తు ఇయ్యాలె.

ఓటు సమానమై బతుకు సమానం కాకపోతే ప్రజాస్వామ్యానికే ముప్పని బాబాసాహెబ్ 1949లోనే హెచ్చరించిండు. మేడ మీద మనం వాచ్‌మన్‌లుగా, పాచిపని అక్కలుగా మాత్రమే ఎక్కితే, ఆ ముప్పు లిఫ్టు ఎక్కి పైకి పోయినట్టే.

ఆ వాచ్‌మన్ కూడా మనోడే. నేను ఆయనకు చెప్పిన: "తమ్మీ, నాకు లోపల లెక్క ఉన్నది. నీకు కూడా ఉండొచ్చు, మీ తాత కాగితం వెతుకు."

జైభీమ్.