పాలు చాలలేదన్న నింద తల్లిది కాదు
(మహిళా కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్లు, బోనసు, పి.ఎఫ్. గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు ఆడవాళ్లు తలుపు మూసుకొని ఏడ్చే ఒక సంగతి మాట్లాడదలిచాం. బిడ్డకు పాలు చాలడం లేదని కుమిలిపోయే తల్లి సంగతి ఇది. ఇది ఆడవాళ్ల గొడవ అనుకొని సోదరులు లేచి వెళ్లవద్దని ముందే కోరుతున్నాం.

తాతల నాడు తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పనికి షోలాపూర్ వచ్చిన కుటుంబాలు మనవి. ఈనాడు మన ఆడవాళ్లు వైండింగు దగ్గర, చద్దర్లు, తువ్వాళ్లు కుట్టి మడిచే చోట పనిచేస్తున్నారు. కాన్పయిన రెండు మూడు నెలలకే తిరిగి పనిలోకి వచ్చేవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. రాకపోతే పొయ్యి వెలగదు.

వచ్చాక ఏం జరుగుతోంది? షిఫ్టు సగం గడవకముందే రొమ్ములు రాయిలా బిగుస్తాయి. రవిక తడుస్తుంది. కొంగు కప్పుకొని పాయిఖానాలోకి వెళ్లి పాలు పిండి పారబోస్తాం. బిడ్డ నోట పడవలసిన పాలు మోరీలో పోతుంటే కడుపు తరుక్కుపోతుంది. అయినా కళ్లు తుడుచుకొని మళ్లీ మిషను దగ్గర నిలబడతాం. సాయంత్రం ఇంటికి వెళితే, సీసాకు అలవాటుపడిన బిడ్డ రొమ్ము పట్టక మొహం తిప్పుకుంటుంది. ఆ క్షణంలో, కన్నబిడ్డే మనల్ని వద్దన్నట్టు అనిపిస్తుంది.

కొన్ని వారాలకు పాలు తగ్గుతాయి. ఇక మాటలు మొదలు. "మేం ఆరుగురిని సాకినం, నీకే ఎందుకు పాలు లేవు?" అంటుంది అత్త. దిష్టి తగిలిందంటుంది పక్కింటావిడ. డబ్బా పాల ఖర్చు లెక్కపెడతాడు భర్త. అందరి మాటా విని, తానే పనికిరాని తల్లినని ఆమె నమ్ముతుంది. ఆ నమ్మకం తప్పని చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాం.

రొమ్ము ఖాళీ అయినకొద్దీ పాలు తయారవుతాయి. బిడ్డ చీకినప్పుడు తల్లి మెదడు నుంచి రెండు హార్మోన్లు విడుదలవుతాయి. ప్రొలాక్టిన్ పాలు తయారు చేయిస్తుంది, ఆక్సిటోసిన్ వాటిని బయటికి దింపుతుంది. భయం, నొప్పి, దిగులు ఉంటే పాలు దిగడానికి అడ్డుపడతాయి. ఎనిమిది, పన్నెండు గంటలు రొమ్ము ఖాళీ కాకపోతే శరీరం తానే పాలు తగ్గించుకుంటుంది. ఇంట్లో మగ్గం ఉన్న రోజుల్లో ఆ అత్తకు ఉయ్యాల పక్కనే ఉండేది. బిడ్డ ఏడిస్తే లేచి పాలిచ్చేది. కోడలికీ బిడ్డకూ మధ్య ఇప్పుడు కార్ఖానా గేటు ఉంది. తేడా తల్లిలో లేదు, పనిచేసే తీరులో ఉంది.

కాన్పులో ఎక్కువ రక్తం పోవడం, థైరాయిడ్ వంటి కారణాల వల్ల కూడా కొందరికి పాలు తగ్గుతాయి. అటువంటి తల్లి డాక్టరు సలహాతో డబ్బా పాలు పడితే చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే డబ్బా ఎక్కువ రోజులు రావాలని నీళ్లు కలిపి పలచన చేయవద్దు. బిడ్డ చిక్కిపోతుంది.

చట్టం ఏమంటోంది? బిడ్డకు 15 నెలలు నిండేదాకా, మామూలు విశ్రాంతి కాక, పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని 1961 ప్రసూతి చట్టం చెప్పింది. 2017 సవరణ మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు జీతంతో 26 వారాల సెలవు ఇచ్చింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చని చెప్పింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కులున్నాయి. కాని కాగితం మీది గది మన షెడ్డులోకి రాలేదు. 50 మంది లేని చిన్న కార్ఖానాల్లో ఆ గది మాటే లేదు.

అందుకే మా కోరికలు ఇవి:

1. పాలిచ్చే విరామాలకు కూలి కోయరాదు. పీసు రేటు వాళ్లకూ ఆ సమయం లెక్కకట్టాలి.

2. ఒకే గల్లీలోని చిన్న కార్ఖానాల యజమానులు కలిసి ఒక పిల్లల గది నడపాలి.

3. ప్రతి షెడ్డులో తలుపు, గడియ, నీళ్లు ఉన్న శుభ్రమైన చోటు ఇవ్వాలి. పాయిఖానాలో పాలు పిండుకునే గతి పోవాలి.

ఇవి సాధించేదాకా మనం చేసుకోగలిగింది కొంత ఉంది. మూడు గంటలకోసారి చేతులు కడుక్కొని, ఉడకబెట్టిన మూత గిన్నెలోకి పాలు పిండండి. చల్లని చోట పెట్టి నాలుగు గంటల లోపు వాడేయాలి. ఇంట్లోవాళ్లు సీసా బదులు ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. రొమ్ము ఎర్రబడి జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దిగులు, ఏడుపు రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది జబ్బు, దానికి వైద్యం ఉంది. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

సోదరులారా! ఇంట్లో "పాలెందుకు లేవు?" అని అడగడం మానండి. ఆ ప్రశ్నను గేటు దగ్గర మాతో కలిసి యజమానిని అడగండి: "తల్లికి సమయం ఎందుకు లేదు?"