అమ్మాయిని ఏ నాట్యబడిలో చేర్చాలి?

మైకు ముందు నిలబడింది ఒక్కరమే అయినా, ఈ మాటలు ఇంట్లో ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. అందుకే మొదటినుంచి చివరిదాకా ‘మేము’ అనే చెబుతాం. సంఘంవాళ్లు చదువుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడమన్నారు. అవి మాకంటే బాగా చెప్పేవాళ్లు ఇవాళ చాలామంది వచ్చారు. మా అమ్మాయికి నాట్యం నేర్పించడానికి మేం పడ్డ తిప్పలు చెబుతాం. మీలో కొందరికి పిల్లలున్నారు. లేనివాళ్లకు చెల్లెళ్లో మేనకోడళ్లో ఉంటారు.

మేం దివిసీమలో యానాది పేటలో పుట్టినవాళ్లం. అవనిగడ్డలో విజయవాడ బస్సెక్కితే మోపిదేవి, చల్లపల్లి, కూచిపూడి, పామర్రు మీదుగా పోతుంది. పెద్దాసుపత్రికనీ, పరీక్షలకనీ, కూలిపనులకనీ ఆ బస్సు ఎన్నిసార్లు ఎక్కామో లెక్కలేదు. కూచిపూడిలో బస్సు ఆగేది. దిగేవాళ్లు దిగేవాళ్లు. మేం ఒక్కసారీ దిగలేదు. దిగొద్దని ఎవరూ అనలేదు. మనకక్కడ ఏం పని అని మేమే అనుకున్నాం.

అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. కూచిపూడి భాగవతం తరతరాలుగా కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ల చేతుల్లో ఉన్న విద్య. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, ఇలా ఇంటిపేర్లతోనే నడిచింది. ఆడవేషాలూ మగవాళ్లే కట్టారు. వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామగా దేశమంతా పేరు తెచ్చుకుని 1970లో పద్మశ్రీ అందుకున్నారు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారు ధైర్యం చేసి ఆడవాళ్లకు నేర్పారు. ఆ ఊళ్లోనే పుట్టిన వెంపటి చినసత్యం గారు మద్రాసు వెళ్లి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఆ నాట్యాన్ని ఎన్నో దేశాలకు తీసుకెళ్లారు. ఇవాళ అమెరికాలో మన తెలుగు పిల్లలు గజ్జె కడుతున్నారు. బస్సులో పక్కనుంచి పోయే మా పేట నుంచి మాత్రం, మాకు తెలిసి, ఒక్కరూ వెళ్లలేదు.

ఒక మాట చెప్పాలి. యక్షగానాల్లో చెంచులక్ష్మి ఉంది, ఎరుకలసాని ఉంది. మన ఆడవాళ్ల నడక, మన మాట, మన బుట్ట ఎప్పుడో రంగం ఎక్కాయి. ఆ వేషం కట్టినవాళ్లు మాత్రం మనవాళ్లు కారు.

ఉద్యోగరీత్యా మేం బందరులో కాపురం పెట్టాం. అమ్మాయికి ఏడేళ్లప్పుడు ఇంటిపక్క పిల్లలతో వెళ్లి ఒక నాట్యబడి కిటికీలోంచి చూసొచ్చింది. ఇంట్లో అద్దం ముందు అదే ఆడింది. సరే అని చేర్చాం. నాట్యంలో అడుగుల్ని ‘అడవులు’ అంటారు. మొదటిరోజే మా పిల్ల ఇంటికొచ్చి, “నాన్నా, నాకు అడవులు నేర్పుతారంట, మనకి రావా ఏంటి!” అని పడిపడి నవ్వింది.

ఆ బడిలో ఆమెను ఎవరూ ఒక్కమాట అనలేదు. అదే పెద్ద తంటా అయింది. అరమండిలో మోకాళ్లు పక్కకి తెరుచుకోవాలి, నడుం నిటారుగా ఉండాలి. మిగతా పిల్లల్ని దిద్దేవాళ్లు. మా అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి, “బాగుందమ్మా, బాగుంది” అని దాటిపోయేవాళ్లు. వార్షికోత్సవానికి ఆకుల పావడా కట్టించి, నెత్తిన ఈకలు పెట్టించి ‘గిరిజన నృత్యం’లో ముందు వరసలో నిలబెట్టారు. ఫొటో పేపర్లో పడింది. మేమూ మురిసిపోయాం, అబద్ధం ఎందుకు. రెండో ఏడూ అంతే, మూడో ఏడూ అంతే. ఆమెతో చేరిన పిల్లలు జతిస్వరానికి వెళ్లారు. మా అమ్మాయికి ఒకటో కాలంలో అడుగు పడుతుంది గానీ మూడో కాలంలో తాళం తప్పుతుంది. అడిగితే, “మీవాళ్లు ఇంతదూరం రావడమే గొప్ప కదండీ” అన్నారు. వాళ్లు మంచివాళ్లే. ఆ మాట మాత్రం మాకు చెంపదెబ్బలా తగిలింది.

ఆగస్టు 9న మీరూ చూస్తారు కదా. ఆదివాసీ దినోత్సవం అనగానే మన డెల్టా పిల్లలతో థింసా ఆడిస్తారు. థింసా చక్కని ఆటే, కానీ అది అరకు వైపు వాళ్లది. మన తాతలకు తెలిసింది పీతల బొరియలు, వరిచేల గట్లు, కృష్ణ పాయలు. గిరిజనులంటే అందరూ ఒక్కటే, ఏది కట్టించినా సరిపోతుంది అనుకునే చోట పిల్లను పిల్లగా చూడరు.

తర్వాత గుడివాడ బదిలీ అయింది. మొదటి బడి మీద కోపంతో, ఈసారి ఊరంతా ‘చాలా స్ట్రిక్టు’ అని చెప్పుకునే చోట చేర్చాం. మా తప్పే. తాళం వేసే కర్ర నేల మీద కంటే పిల్లల పిక్కల మీదే ఎక్కువ పడేది. ఏం తప్పు చేసిందో చెప్పేవాళ్లు కాదు, మళ్లీ చెయ్యి అనేవాళ్లు. ఒకరోజు అందరి ముందూ, “ఎలుకలు పట్టే కాళ్లకి ఇది ఎక్కడొస్తుంది” అన్నారట. పిల్ల మాకు చెప్పలేదు. కడుపునొప్పి అని మూడు వారాలు ఇంట్లో పడుకుంది. నాలుగో వారం తన స్నేహితురాలు చెబితే తెలిసింది. గజ్జెలు అటక మీద పెట్టేశాం. ఏడాదిపాటు ఇంట్లో ఎవరం నాట్యం ఊసెత్తలేదు.

మళ్లీ బందరు వచ్చాక అమ్మాయే అడిగింది. ఈసారి చేర్చడానికి ముందు మూడు బడులకు వెళ్లి, ఒక్కోచోట రెండేసి గంటలు గోడవార కూర్చున్నాం. ముందు వరసలో బాగా ఆడే పిల్లల్ని చూడలేదు. చివరి వరసలో తడబడే పిల్ల ఎవరో వెతికి, గురువు ఆమెను ఏం చేస్తున్నారో చూశాం. ఒకచోట అసలు చూడనే లేదు. ఇంకోచోట నవ్వారు. మూడోచోట ఆవిడ పాట ఆపి, ఆ పిల్ల దగ్గరికెళ్లి, పాదం చేత్తో పట్టుకుని మడమ ఎక్కడ పడాలో చూపించి, మళ్లీ చేయించారు. రాలేదు. మళ్లీ చేయించారు. వచ్చింది. “చూశావా” అని అంతటితో పాట ఎత్తుకున్నారు. అక్కడ చేర్చాం.

ఆవిడ మా అమ్మాయిని ఏడాదిపాటు మూడో వరసలోనే ఉంచారు. పాత అలవాట్లు దిద్దడానికే ఎనిమిది నెలలు పట్టింది. ఏడ్చిన రోజులున్నాయి. కానీ తప్పు ఏదో పేరు పెట్టి చెప్పేవాళ్లు. వరసగా రెండు క్లాసులు మానితే సాయంత్రం ఫోను వచ్చేది. ఎందుకు రాలేదని దబాయించడానికి కాదు, ఎప్పుడొస్తుందని అడగడానికి. దసరాకి మా అత్తగారు వచ్చి బడికి తోడెళ్లారు. ఆవిడ వయసులో ఉండగా ఆడిన ఆట సంగతి పిల్ల చెబితే, గురువుగారు ఆమెను ఆడి చూపించమన్నారు. పెద్దావిడ సిగ్గుపడుతూనే నాలుగడుగులు వేశారు. “మీ మనవరాలికి మోకాళ్లు ఇంత మెత్తగా వంగడం ఎక్కడిదో ఇప్పుడర్థమైంది. అయినా నడుం మాత్రం నిలబెట్టడం లేదు” అన్నారావిడ. మెచ్చుకోలూ దిద్దుబాటూ ఒకే మాటలో వచ్చాయి. మేం వెతుకుతున్నది అదే.

డబ్బు సంగతి దాచకుండా చెప్పుకోవాలి. నెల ఫీజు ఒక్కటే అడిగి చేర్చొద్దు. డ్రెస్సుకి, నగలకి, మేకప్పుకి, వార్షికోత్సవానికి, గజ్జెపూజకి ఎంతవుతుందో ముందే అడగండి. రంగప్రవేశం పేరుతో అప్పుచేసిన కుటుంబాలున్నాయి. చెప్పడానికి నసిగే చోట జాగ్రత్త. పరీక్షలకు పంపుతారా అనీ అడగండి. పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం కూచిపూడిలో సర్టిఫికెట్, డిప్లమా పరీక్షలు పెడుతూ వచ్చింది. విజయవాడలో ఘంటసాల పేరుతో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, ఫీజు మోయలేనివాళ్లు ముందు అక్కడ కనుక్కోండి. ఢిల్లీలోని సీసీఆర్టీ 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కళల్లో స్కాలర్‌షిప్పు ఇస్తుంది, అందులో గిరిజన పిల్లలకు విడిగా కొన్ని ఉంటాయి. కుల ధ్రువపత్రం లేక వదులుకున్నవాళ్లు మన పేటల్లో ఉన్నారు. ఆ కాగితం ఇప్పుడే తీయించి పెట్టుకోండి.

ఇక బడివాళ్లను అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఒకటుంది. “మా పిల్లను గిరిజన నృత్యానికి తప్ప ఇంకేదానికైనా తీసుకుంటారా?” సూటిగా అడగండి. జవాబు కంటే అవతలి మొహం ఎక్కువ చెబుతుంది.

మా అమ్మాయికి ఇప్పుడు పద్నాలుగు. మొన్న తరంగం మొదలుపెట్టారు, ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడాలి. మొదటి వారం నాలుగుసార్లు జారిపడింది. నీళ్ల చెంబు నెత్తిన పెట్టడానికి ఇంకా ఆర్నెల్లు పడుతుందని గురువుగారు చెప్పేశారు. పిల్ల రోజూ ఇంట్లో అన్నం తినే పళ్లెం తిరగేసి ఎక్కుతోంది. ఇప్పటికి రెండు సొట్టలు పడ్డాయి.

కిందటి నెల కుటుంబమంతా విజయవాడ వెళ్తూ కూచిపూడిలో దిగాం. వీధులన్నీ తిరిగి, టీ తాగి, తర్వాతి బస్సెక్కాం. మా పేట నుంచి ఇద్దరు చిన్నపిల్లలు నేర్చుకుంటామంటున్నారు. వచ్చే ఆదివారం వాళ్లకోసం బడులు చూడ్డానికి వెళ్తున్నాం. మీ పిల్లలనూ తీసుకొచ్చేవాళ్లుంటే భోజనాల దగ్గర మాతో ఒక మాట చెప్పండి. తొమ్మిదింటికల్లా బందరు బస్టాండులో ఉంటాం.