ఎరుగని నేలపై ఆట

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



నేడు నేను గోల్ఫు ఆటను గూర్చి మాటలాడుదునని చెప్పగా మన కార్యదర్శిగారు నవ్విరి. వారు నవ్వుటలో తప్పులేదు. మన పాఠశాలకు ఉన్నదెల్ల ఒక వేపచెట్టు, దాని ప్రక్కన కబడ్డీ ఆడుటకు చాలినంత నేల. గోల్ఫు మైదానమో ఎకరముల కొలది పచ్చిక. ఆ ఆటకును మనకును ఏమి సంబంధమని మీకును తోచవచ్చును. నాకు మాత్రము సంబంధము కలదు. మా తండ్రిగారు బెంగుళూరులో ఒక గోల్ఫు మైదానమున మాలిగా పనిచేసిరి. వేసవి సెలవులలో నేనచ్చట ఆటగాండ్ర సంచులు మోసి, ఆ కూలితో నోటుపుస్తకములు కొనుకొనెడివాడను. ఆ ఆట నేను ఆడి యెరుగను, మోసి యెరుగుదును.

ఆట స్వరూపమును రెండు మాటలలో చెప్పెదను. చిన్న బంతిని కర్రతో కొట్టుచు, దూరముననున్న గుంటలో పడవేయవలెను. అట్టి గుంటలు పదునెనిమిది. వానినన్నిటిని అందరికన్న తక్కువ దెబ్బలతో ముగించినవాడు గెలుచును. ఇతరమైన ఆటలకును దీనికిని ఒక ముఖ్యభేదమున్నది. టెన్నిసు ఆడు స్థలము ఏ దేశమందైనను 78 అడుగుల పొడవే యుండును. గోల్ఫులో గుంట వెడల్పు ఎక్కడనైనను నాలుగుంబావు అంగుళములే; కాని దానిని చేరు దారి మాత్రము ఒకచోట నున్నట్లు మరియొకచోట నుండదు. ఒకచోట ఏరు అడ్డము వచ్చును, ఒకచోట ఇసుకగొయ్యి, ఒకచోట గాలి. అందువలన ఎంతటి నేర్పరియైనను క్రొత్త మైదానమున అడుగిడినప్పుడు మరల విద్యార్థియే.

ఈ సంగతిని చక్కగా గ్రహించిన ఒకని కథ చెప్పెదను. బెన్ హోగన్ అనునతడు 1912లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున జన్మించెను. తండ్రి కమ్మరి. కొడుకునకు తొమ్మిదేండ్ల వయసున తండ్రి మరణించెను. పిల్లవాడు రైలుస్టేషనులో వార్తాపత్రికలు అమ్మెను. తరువాత గోల్ఫు మైదానమున సంచులు మోసెను. క్రమముగా ఆ దేశమున మేటి ఆటగాడయ్యెను. 1949 ఫిబ్రవరిలో, పొగమంచులో ఒక బస్సు వచ్చి అతని కారును ఢీకొనెను. ప్రక్కనున్న భార్యను కాపాడుటకై ఆమెకు అడ్డముగా వాలినందుననే అతని ప్రాణమును దక్కెను. కటియెముక, మెడక్రింది యెముక, చీలమండ విరిగెను. మరల నడచుటయే సందేహమని తలచిరి. అట్టివాడు 1950 జూనులో అమెరికా దేశపు ఓపెన్ పోటీని గెలిచెను.

1953వ సంవత్సరమున, తన నలువదవ యేట, హోగన్ బ్రిటిషు ఓపెన్ పోటీలో ఆడుటకు మొదటిసారిగా స్కాట్లండునకు పోయెను. ఆ యేటి పోటీ తూర్పు తీరమందలి కార్నూస్టీ అను చిన్న పట్టణములో జరిగినది. సముద్రమునకును సాగుభూములకును నడుమనుండు ఇసుకనేలలను అచ్చటివారు లింక్సు అందురు. కార్నూస్టీ మైదానము అట్టిది. 1867లో టామ్ మారిస్ దానిని పదునెనిమిది గుంటలకు పెంచెను. 1926లో జేమ్స్ బ్రెయిడ్ మరల తీర్చిదిద్దెను. గాలిని ఆపు చెట్లు తక్కువ. వరుసగా రెండు గుంటలకన్న మించి ఒకే దిక్కునకు సాగవు గనుక, ఇప్పుడు వెన్ను తట్టిన గాలియే మరికొంతసేపటికి ముఖము మీద కొట్టును. బారీ బర్న్ అను ఏరు మెలికలు తిరుగుచు చివరి గుంటల దారికి మాటిమాటికి అడ్డుపడును. ఆటగాడు అలసిన వేళనే ఆ ఏరు ఎదురగును.

హోగన్ అప్పటికే ఆ యేడు అమెరికాలో రెండు పెద్ద పోటీలు గెలిచియుండెను. మరియొకడైన, "నా నేర్పు నాకున్నది, పోటీనాటికి పోయిన చాలును" అనుకొనెడివాడు. అతడట్లు తలచలేదు. సుమారు రెండు వారములు ముందుగనే వచ్చి చేరెను. ఆ రెండు వారములలో అతడేమి చేసెనో మీరు శ్రద్ధగా వినవలెను.

మొదటిది, బంతి. ఆనాడు అమెరికా బంతి అడ్డుకొలత 1.68 అంగుళములు, బ్రిటనులో వాడు బంతి 1.62 అంగుళములు. భేదము నూటికి ఆరు పాళ్ల అంగుళము. ఎండుగడ్డి పోచలు రెండు మూడు ప్రక్కప్రక్కన పేర్చినంత మాత్రమే. అయినను గాలిలో చిన్నబంతి నడక వేరు, అది పోవు దూరము వేరు. ఇరువదియేండ్లుగా చేతికి అలవడిన లెక్కనంతను అతడు ప్రక్కనపెట్టి, చిన్నబంతితో మొదటినుండి లెక్క కట్టుకొనెను. ప్రక్కనున్న పన్‌మ్యూర్ మైదానమునకు పోయి ఏకాంతముగా సాధన చేసెను.

రెండవది, నేల. అమెరికాలో మెత్తని తడినేలపై ఆడినవాడతడు. ఇచ్చట నేల గట్టిది. పడిన బంతి నిలువక దొరలిపోవును. గుంటచుట్టునున్న పచ్చికపై మాత్రము, అతడెరిగిన వానికన్న, బంతి మెల్లగా సాగును. రెండింటికిని చేతిని మార్చుకొనవలసివచ్చెను.

మూడవది, దారి. అభ్యాసమున ఒక్కొక్క గుంటకు మూడేసి బంతులు కొట్టెడివాడట. ఒకటి దారికి ఎడమగా, ఒకటి నడుమ, ఒకటి కుడిగా. ఏ ప్రక్కనుండి గుంటను చేరుట సులువో, ఏ ప్రక్క పడిన కష్టమో చూచి తెలిసికొనెడివాడు. సాయంకాలములందు కర్రలు లేకుండ, పదునెనిమిదవ గుంటనుండి మొదటిదానివరకు వెనుకకు నడచెడివాడని చెప్పుదురు. బంతి కొట్టుచోట నిలిచిన కానరాని ఇసుకగోతులు, గుంటయొద్ద నిలిచి వెనుదిరిగి చూచిన స్పష్టముగా కనబడును. చేరవలసిన చోటినుండి బయలుదేరు చోటికి దారిని చదువుట యనగా ఇదియే.

ఆరవ గుంట దారి నడుమ ఇసుకగోతులు ఉన్నవి, ఎడమవైపు కంచె, కంచె దాటిన దండన. గోతులకును కంచెకును మధ్య ఇరుకైన చోటొకటి కలదు. దారి తెలియనివాడు అటు చూడనైన చూడడు. అచ్చటినుండి గుంటను చేరుట సుకరమని ముందుగా కనుగొనినందున హోగన్ ఆ యిరుకుననే బంతిని పంపెనని ప్రసిద్ధి. నేటికిని దానికి హోగన్ సందు అని పేరు.

ఆనాటి నియమము ప్రకారము ఎంతటి విజేతయైనను మొదట అర్హత ఆటలు ఆడవలెను. అవియును ఆడెను. తరువాత పోటీలో నాలుగు ఆటలు. దెబ్బల లెక్క వినుడు: మొదట 73, పిమ్మట 71, పిమ్మట 70, కడపటిది 68. చివరి రెండు ఆటలును ఒకేనాడు జరిగెను, ఆనాడతనికి జ్వరము. మొత్తము 282 దెబ్బలతో, రెండవ స్థానమువారికన్న నాలుగు దెబ్బలు తక్కువగా గెలిచెను. ఆ పోటీలో అతడు మరల ఎన్నడును ఆడలేదు. ఆడినది ఒక్కమారు, గెలిచినదియు ఆ ఒక్కమారే.

ఆ రెండు వారములలో హోగన్ నేర్పు పెరిగినదని నేననుకొనను. పెరిగినది పరిచయము. 73నుండి 68వరకు తగ్గుచు వచ్చిన ఆ అంకెలు, ఒక మనిషియు ఒక నేలయు దినదినము దగ్గరగుటను చూపుచున్నవి.

మరి పరిచయము లేనివాడు ఏమగును? బాబీ జోన్సు అను మరియొక అమెరికా మేటి 1921లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, స్కాట్లండులోని సెంట్ ఆండ్రూసు పాత మైదానమున ఇదే పోటీలో మొదటిసారి ఆడెను. మూడవ ఆటలో మొదటి తొమ్మిది గుంటలకే 46 దెబ్బలు పట్టెను. పదునొకండవ గుంటయొద్ద బంతి ఇసుకగోతిలో పడెను. అతడు విసిగి ఆ పోటీనుండి తప్పుకొనెను. ఆ మైదానమే అతనికి నచ్చలేదు. ఆ పనికి తరువాత జీవితాంతము సిగ్గుపడెను. అయితే అతడు మరల వచ్చెను; ఆ నేలను నేర్చుకొనెను; 1927లో అచ్చటనే గెలిచెను. 1958లో ఆ పట్టణమువారు అతనికి పౌరగౌరవము నిచ్చిరి. అమెరికావారిలో అంతకుముందు ఆ గౌరవము పొందినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక్కడే.

ఇక పెద్దవారి కథలనుండి మన బడికి వచ్చెదను. కొన్నియేండ్ల క్రిందట మన విద్యార్థి యొకడు బాగుగా పరుగెత్తెడివాడు. వేపచెట్టునుండి చెరువుగట్టువరకు వానిని మించినవారు లేరు. జిల్లా పోటీలో 400 మీటర్ల పరుగునకు ఎంపికయ్యెను. ఒక రాత్రి బస ఖర్చు మిగులునని నేను వానిని పోటీనాటి ఉదయపు బస్సులో పంపితిని. అచ్చట గుండ్రని బాట; తెల్లని గీతలు. అట్టి బాటలో వెలుపలి వరుసవారు చుట్టు ఎక్కువ తిరుగవలెను గనుక వారిని కొంత ముందు నిలుపుదురు. లోపలి వరుసవాడు అందరికన్న వెనుక నిలుచును. మనవానికి లోపలి వరుస వచ్చినది. ఎదుట ఏడుగురి వీపులు చూచి, తనకు అన్యాయము జరిగినదనుకొనెను. వారిని అందుకొనవలెనని మొదటి సగము ప్రాణముపెట్టి పరుగెత్తెను. చివరి నూరు మీటర్లలో కాళ్లు ఆడలేదు. అందరికన్న కడపట వచ్చెను.

తిరిగివచ్చిన తరువాత నాతో అనెను: "అందరికన్నా నన్ను వెనక నిలబెట్టారు సార్. ఎందుకని అడిగితే ఏమనుకుంటారోనని అడగలేదు."

ఆ మాట నన్ను నేటికిని గుచ్చుచున్నది. వాని కాళ్లలో లోపము లేదు. నా ఏర్పాటులో లోపము. వానికి పరుగు నేర్పితినిగాని, పరుగెత్తబోవు నేలను చూపలేదు. మిగిల్చినది ఒక రాత్రి బస ఖర్చు. పోగొట్టినది ఒక పిల్లవాని ధైర్యము. మరుసటి యేడు ముందునాడే తీసికొనిపోయి, ముగింపు గీతనుండి మొదలిడి ఆ బాటనంతను వానితోకూడ నడచితిని. వరుసల లెక్క వానిచేతనే అచ్చటి ఉపాధ్యాయుని అడిగించితిని. మొదటి బహుమానము రాలేదు, మూడవవాడుగా వచ్చెను. నవ్వుచు వచ్చెను.

తల్లిదండ్రులారా, మన బిడ్డలు ఇచ్చట తెలుగులో చదివి, పదవ తరగతి పరీక్షను వేరొక బడిలో వ్రాయుదురు. పిమ్మట కన్నడములోనో ఇంగ్లీషులోనో బోధించు కళాశాలలకు పోవుదురు. అదియంతయు వారికి ఎరుగని నేల. మొదటి నెలలో వెనుకబడిన బిడ్డను చూచి, "తెలుగులో చదివినందున వీనికేమియు రాదు" అని కొందరు తొందరపడుదురు. నేర్చిన గణితము ఎక్కడికిని పోలేదు. బంతి కొలత మారినది, అంతే. క్రొత్త కొలతకు చేయి అలవడుటకు హోగన్ వంటివానికే రెండు వారములు పట్టెను. మన బిడ్డకు వేసవి సెలవులలో కొన్ని వారములు ఇత్తము. ఆ కళాశాల పుస్తకమును ముందుగా తెచ్చి, తాను తెలుగులో ఎరిగిన పాఠమునే ఆ భాషలో చదువనిత్తము. ఒకమారు ఆ ఆవరణలో తిరిగి రానిత్తము. అన్నిటికన్న ముఖ్యముగా, తెలియనిదానిని అడుగుటకు జంకకుండ చేయుదము.

"మాకు చదువు లేదు, మేమేమి చేయగలము?" అని మీలో కొందరు నన్ను అడిగియున్నారు. మా నాన్నకును చదువు లేదు. పోటీకి ముందునాటి సాయంకాలము ఒక పెద్దమనిషి కర్రలు లేకుండ మైదానమునకు వచ్చి, మా నాన్న ప్రక్కన నడచుచు, వానకు నీరు ఏవైపు జారును, ఏచోట గడ్డి తడిగా నుండునని వచ్చీరాని తెలుగులో అడిగెడివాడు. మాలిని అడుగుటేమని తక్కినవారు నవ్వుకొనిరి. అతడు గెలిచెనో లేదో నాకు జ్ఞాపకము లేదు. మా నాన్న ఆ రాత్రి సంతోషముగా అన్నము తినుట జ్ఞాపకమున్నది. "అడిగినోడికే నేల చెబుతుందిరా" అనెను.

నా పదవ తరగతి పరీక్షకు ముందు ఆదివారమున ఆయన నన్ను పరీక్ష జరుగు బడికి తీసికొనిపోయెను. గేటు చూచితిమి, గది చూచితిమి, నీళ్లకుండ ఎక్కడనున్నదో చూచితిమి. బస్సులో వచ్చినవారము, తిరుగుదారిన నన్ను నడిపించెను. "బస్సు రాకపోతే ఎంతసేపు పడుతుందో చూద్దాం రా" అనెను. గంటకు పైగా పట్టినది. పరీక్షనాడు బస్సు సమయమునకే వచ్చినది. కాని నా గుండెలో దిగులు లేదు.

పాఠము చెప్పుట మా పని. ఆ ఆదివారపు నడక మీ పని. దానికి అక్షరములు అక్కరలేదు. ఈ యేడు పరీక్షకు ముందు వచ్చు ఆదివారమున మీలో ప్రతియొక్కరు బిడ్డ చేయి పట్టుకొని ఆ దారిని ఒకమారు నడచిరావలెనని వేడుచున్నాను. తోడు వచ్చువారు లేని బిడ్డలుండిన, ఉదయము ఎనిమిది గంటలకు వేపచెట్టుక్రిందికి పంపుడు. నేను వెంట నడచెదను.