ఒక్క గాడిపొయ్యి

(డయోసిస్ శతవార్షికోత్సవ కూటములో చేసిన ప్రసంగము)



ఈ నూరేండ్ల పండుగలో దొరలను గూర్చి, బిషప్పులను గూర్చి, ఉపదేశులను గూర్చి, బైబిలు స్త్రీలను గూర్చి చెప్పవలసినవారు చెప్పుచున్నారు. చెప్పవలసినదే. మాకిచ్చిన కొద్ది నిమిషములలో మేము ఒక వంటవానిని గూర్చి చెప్పదలచినాము. ఆయన మా అమ్మకు అన్న, మాకు మేనమామ. పేరు పెట్టి పిలిచినవారు తక్కువ. చుట్టుప్రక్కల ఊళ్ళన్నిటికీ ఆయన వంటమామయ్య.

మిషను బోర్డింగు అంటే ఈనాటి పిల్లలకు తెలియకపోవచ్చు. బడి లేని ఊళ్ళనుండి, బడి ఉన్నా మన పిల్లలను గుమ్మము దగ్గరే నిలిపిన ఊళ్ళనుండి, బిడ్డలను తెచ్చి ఒక రేకు పెట్టెతో అక్కడ దింపేవారు. టీచర్లు, నర్సులు, గుమాస్తాలు, పాస్టర్లు ఎందరో ఆ బోర్డింగు అన్నముతోనే పెరిగారు. ఈ పందిరిలో కూర్చున్న నెరసిన తలలు కొన్ని ఇప్పుడే ఊగుచున్నవి, చూచుచున్నాము! మామయ్య పద్నాలుగేండ్ల వయస్సులో అక్కడ నీళ్ళు తోడే పనికి చేరి, తరువాత గరిటె పట్టి, ఇరువదేండ్లకు పైగా వండాడు.

అవి పి.ఎల్. 480 క్రింద అమెరికానుండి గోధుమ నూక, పాలపొడి వచ్చే రోజులు. వరి అన్నము ఎరిగిన పిల్లలకు ఆ నూక గొంతు దిగేది కాదు. మామయ్య దానిని ముందు పొడి మూకుడులో వేయించి, ఉల్లిపాయ, కరివేపాకు, ఎండుమిర్చి తాలింపు పెట్టి దించేవాడట. పాలపొడిని వేడినీళ్ళలో పోస్తే ఉండలు కడుతుంది. చల్లని నీళ్ళతో ముందు ముద్దగా కలిపి, ఆ మీద వేడినీళ్ళు పోసి తిప్పాలి. ఇది తెలియని చోట పిల్లలు పాలు పారబోశారు. ఆయన చేతిక్రింద గ్లాసులు నాకారు. "ఊరికే వచ్చిందని వండకూడదురా, అడిగి తినేవాడికి వండినట్టు వండాలి" అనేవాడు.

పెండ్లిండ్లకు, కోత పండుగలకు ఆయన వెంట మేము, మా అన్నదమ్ములము, ఉల్లిపాయలు ఒలవటానికి వెళ్ళేవాళ్ళము. ముందు గాడిపొయ్యి తవ్వించేవాడు. గాలి ఎటునుండి వీస్తున్నదో పిడికెడు దుమ్ము విడిచి చూచి, ఆ వాలునే మోకాటిలోతున పొడుగాటి గాడి. గాలి వచ్చే వైపు నోట్లో కట్టె పెడితే మంట చివరి గుండిగ దాకా ప్రాకుతుంది. సరుగుడు కట్టె, రాజేయటానికి తాటిమట్టలు. నూరుమందికి 12 కిలోల బియ్యము. కోతల రోజులైతే 15. ఎసరు తెర్లిన తరువాతనే బియ్యము పోయాలి. మెతుకు పట్టి చూచి, ఇంకా కొంచెము పలుకు ఉండగానే గంపలలో వార్చి, చాపమీద గుట్టగా పోసి తడిగుడ్డ కప్పేవాడు. ఆ వేడికే పలుకు పోతుంది. పాస్టర్లు కనబడితే ఒక ప్రశ్న వేసేవాడు: యోహాను సువార్త 21వ అధ్యాయములో శిష్యులు ఒడ్డుకు వచ్చేసరికే నిప్పులమీద చేప ఉన్నది గదా, దాని పొలుసు ఎవరు గీకారు అయ్యగారూ? మేము వేదాంత కళాశాలనుండి సెలవులకు వచ్చినప్పుడు మమ్మునూ అడిగాడు. ఏ వ్యాఖ్యానములోనూ మాకు జవాబు దొరకలేదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. పదివేలమందికి పైగా పోయారు. అప్పటికి మేము పుట్టలేదు; అమ్మ చెప్పగా విన్నదే. బోర్డింగు గుండిగలు లారీకెత్తుకొని మామయ్య మరి నలుగురు కోడూరు వైపు వెళ్ళారు. ఎండుకట్టె లేదు. కూలిన ఇండ్ల వాసాలు, తలుపులు పొయ్యిలో పెట్టవలసి వచ్చినది. ఎవరో ఒక ఊయల చెక్క తెచ్చి వేయబోతే ఆయన దానిని తీసి ప్రక్కన పెట్టాడు. మొదటి వారము ఆసామి, పాలేరు ఒకే వరుసలో కూర్చొని తిన్నారు. రెండవ వారము ఎవరో వచ్చి, మా వాళ్ళకు విడిగా వడ్డించండి అన్నారట. "నీళ్ళు దిగగానే గట్లు తేలినయ్" అని మామయ్య అమ్మతో అన్నాడు. ఉప్పెనను గూర్చి అంతకు మించి ఎన్నడూ మాట్లాడలేదు.

ఇక మేము కండ్లార చూచినది. బోర్డింగు మూతపడిన తరువాత ఆయన కూలికి వంటలు ఒప్పుకొనేవాడు. ఒక ఊరిలో క్రొత్త గుడి ప్రతిష్ఠకు ప్రేమవిందు, నాలుగు వందలమందికి. ఊరిపేరు వద్దు. తెల్లవారుజామున వెళ్ళేసరికి సంఘపు పెద్దలిద్దరు వచ్చి, రెండు పొయ్యిలు పెట్టించమన్నారు, ఈ పేటవారికి ఒకటి, ఆ పేటవారికి ఒకటి. ఏ పేటలో మీకు చెప్పనక్కరలేదు. ఇద్దరూ బాప్తిస్మము పొందినవారే, ఒకే బల్ల దగ్గర పాలుపొందేవారే. మామయ్య పార క్రింద పెట్టి, "అయ్యా, నాకు ఒక్క గాడే తవ్వటం వచ్చు. రెండోది తవ్వేవాణ్ణి మీరు చూసుకోండి" అన్నాడు. బ్రతిమాలారు. కోపపడ్డారు. ఎండ ఎక్కినది, పొగ లేవలేదు. మేము ఒలిచిన ఉల్లిపాయల ముందు బిక్కమొగములతో కూర్చున్నాము. చివరకు, బిషప్పుగారు వచ్చే వేళైనదని, సరే కానిమ్మన్నారు.

విందుకు ఒక పేటవారు సగమునకు పైగా రాలేదు. అన్నము మిగిలిపోయినది. మామయ్య ఎవరినీ ఏమీ అనలేదు. గంపలకెత్తి, "వేడిమీద పట్టుకుపోండిరా, ఒక్కొక్క ఇంటికీ" అని మమ్మును పంపాడు. కొందరు తలుపు తీయలేదు. ఒక ముసలమ్మ గిన్నె తెచ్చి పట్టినది. ఆయనకు రావలసిన కూలిలో సగమే ముట్టినది. మా అత్తయ్య చాలా రోజులు సణిగినది, అందులో న్యాయమున్నది; ఆ నెల ఇంటిలో బియ్యము లేవు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయమును మనము తరచు పరిచారకుల అభిషేకములో చదువుతాము. ఆ సంఘములో మొదటి సణుగుడు అన్నము దగ్గరే పుట్టినది, ఒక భాషవారి విధవరాండ్రకు పంపకములో తక్కువైనదని. అక్కడ గ్రీకులో బల్లయొద్ద పరిచర్యకును వాక్య పరిచర్యకును ఒక్కటే మాట, దియకొనియ. ఆ మాట మేము కళాశాలలో పరీక్షకు వ్రాశాము. మామయ్య చదివినది మూడవ తరగతి.

2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, బడులలో మధ్యాహ్న భోజనము వండేవారి నియామకములో దళితులకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ప్రాధాన్యమియ్యవలెనని ఉత్తరువు చేసినది. ఆ సంగతి మేము ఆయనకు చదివి వినిపించినాము. చాలాసేపు ఊరకుండి, "కోర్టు చెప్పాల్సి వచ్చిందిట్రా" అన్నాడు.

మూడేండ్ల క్రిందట ఆయన ప్రభువునందు నిద్రించాడు. గుండిగలు రెండు మా గుడికి ఇచ్చాడు. క్రిస్మసుకు వాటిలోనే వండుచున్నాము. ఒకదానికి కళాయి పోయినది, వేయించాలి. ఇక మా మనవి ఒకటి. ఈ సంచికలో బోర్డింగుల ఫోటోలున్నవి. వరుసలలో దొరలు, టీచర్లు, పిల్లలు, అందరి పేర్లు క్రింద ఉన్నవి. వెనుక వరుస అంచున తలగుడ్డతోనో, చీరకొంగు దోపుకొనో నిలిచినవారికి పేర్లు లేవు. మీ బోర్డింగులో మీకు ఎవరు వండిపెట్టారో జ్ఞాపకమున్నవారు భోజనముల తరువాత మా దగ్గరకు రండి. నోటుపుస్తకము తెచ్చుకొన్నాము, వ్రాసికొంటాము.