కిటికీ అవతల ఉన్నది మన ఊరే



మన కొండల్లో నడిచే కిరండూల్ రైలు గురించి నాలుగు మాటలు చెప్పడానికి మా హాస్టల్ తరఫున మీ ముందుకు వచ్చాం.

ఈ లైను 1960లలో పడింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడం కోసం వేశారు. బొడ్డవర దాటితే ఘాట్ మొదలు. ఒక పక్క నిలువు కొండ, మరో పక్క లోయ, దారి పొడవునా సొరంగాలు, వంతెనలు. సిమిలిగుడ స్టేషన్ సముద్ర మట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తు. దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అదే ఎత్తయినదని చాలాకాలం పేరుండేది. 2017లో ఈ రైలుకు అద్దాల బోగీ కూడా తగిలించారు. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి మన లోయలు చూసి మురిసిపోతున్నారు. సంతోషమే.

కానీ మా హాస్టల్లో అడిగితే, పట్టాల పక్క ఊళ్ల పిల్లల్లోనే సగానికి పైగా ఈ రైలు ఎక్కలేదన్నారు. అందుకే మేమంతా కలిసి ఒక పని పెట్టుకున్నాం. దసరా సెలవులకు ఇళ్లకు వెళ్లేటప్పుడు ప్రతి పిల్లకూ ఒక నోటు పుస్తకం ఇచ్చాం. మీ ఊరి కొండల పేర్లు, గెడ్డల పేర్లు, వాటి కథలు తాతనూ అవ్వనూ అడిగి, మీ భాషలోనే తెలుగు అక్షరాలతో రాసుకురండి అన్నాం.

వలిసెలు పూసే రోజుల్లో, వేకువనే బస్సులో ఎస్.కోట దిగి, అక్కడ రైలెక్కి అరకు వైపు బయలుదేరాం. మొదటి సొరంగంలో పిల్లల కేకలకు బోగీ అదిరింది. ఎదుటి సీట్లో కూర్చున్న యాత్రికులు "ఏ ఊరమ్మా?" అని అడిగితే, మా పిల్లలు తలలు వంచుకుని "వైజాగ్" అన్నారు. ఆ మాట మాకు ముల్లులా గుచ్చుకుంది. అయినా ఏమీ అనలేదు.

శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి దాటాయి. లోయ అవతల ఒక కొండ కనబడగానే ఎనిమిదో తరగతి పిల్ల నోటు పుస్తకం తెరిచింది. "అది మా కొండ. కింద కనిపించేది మా చోడి చేను. మా తాత ఈ లైనుకు మట్టి మోశాడు" అంది. యాత్రికులు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. తర్వాత ఒక్కొక్కరే పుస్తకాలు తీశారు. బొర్రా వచ్చేసరికి అడిగిన వాళ్లందరికీ మా పిల్లలు సొంత ఊరి పేరే చెబుతున్నారు.

బొర్రా గుహల్ని 1807లో ఒక ఆంగ్లేయుడు కనుగొన్నాడని పుస్తకాల్లో ఉంటుంది. తప్పిపోయిన ఆవును వెతుకుతూ గుహలోకి దిగిన కాపరి కథ మన ఊళ్లలో చెప్పుకుంటారు. పిల్లలకు రెండూ తెలియాలి. ఇదే అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద మొదలైన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు గని కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. మా పిల్లలకు ఆ తీర్పు గురించి రైల్లోనే, ఆ కొండల్ని చూపిస్తూ చెప్పాం. పాఠం పుస్తకంలో కన్నా బాగా ఎక్కింది.

పెద్దలారా, ఊరి పేరు చెప్పడానికి సిగ్గుపడే పిల్ల రేపు ఆ ఊరి భూమి కోసం ఎలా నిలబడుతుంది? కొండకు మనం పిలిచే పేరు పోతే, పచ్చని దృశ్యం ఒక్కటే మిగులుతుంది. దృశ్యాన్ని ఎవరైనా అమ్ముకోవచ్చు. పేరున్న కొండకు మనుషులుంటారు, అడిగేవాళ్లుంటారు.

సంఘానికి మా విన్నపాలు రెండు. ఏడాదికి ఒక్కసారైనా ప్రతి హాస్టల్ పిల్లల్నీ ఈ రైలెక్కించడానికి చేయూతనివ్వండి. పిల్లలు రాసుకొచ్చిన పేర్లనూ కథలనూ, తప్పొప్పులు పెద్దలతో సరిచూయించి, ఒక చిన్న పుస్తకంగా వేయండి. చెప్పగలిగే అవ్వలు, తాతలు మన మధ్య ఉండగానే ఆ పని జరగాలి.

 జై ఆదివాసీ!