ఎముకల మందు వేసుకోవాలా?

పెనుమూడి నుంచి తెనాలి దాకా ఎండకు కొదవ లేదు. అయినా ఎముకలు గుల్లబారుతున్నాయి. తిరుపతి స్విమ్స్ వైద్యుల 2007 నాటి అధ్యయనంలో పల్లెవాసులకూ విటమిన్ డి లోపం కనిపించింది. మరి పాలు, రాగిజావ చాలవా? కాల్షియం లోపం తీర్చడానికి సాయపడతాయి గానీ, కాస్త జారిపడితేనే తుంటో వెన్నుపూసో విరిగినవారికి అవి మాత్రమే చాలవు. 1996లో వెలువడిన అమెరికా పరీక్షలో, అప్పటికే వెన్నుపూస విరిగిన స్త్రీలకు అలెండ్రోనేట్ అనే ఎముకల మందు ఇస్తే కొత్తగా విరగడం దాదాపు సగానికి తగ్గింది. ఈ మందుతో దవడ ఎముక పాడవుతుందన్న భయం ఉత్తది కాదు, అయితే ఎముకల గుల్లతనానికి వాడే మోతాదులో అది బహు అరుదు; ముందే పళ్లు చూపించుకోవడం మేలు. ఏళ్ల తరబడి వాడితే అరుదుగా తొడ ఎముక విరగొచ్చు, అందుకే అయిదేళ్లు వాడాక డాక్టరుతో మళ్లీ లెక్క చూసుకోవాలి. స్కాన్‌లో సాంద్రత కొద్దిగా తగ్గి, మరే ముప్పూ లేనివారికి తొందర అక్కర్లేదు. మందు అవసరమైనవారు వారానికో మాత్ర, పరగడుపున, గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని అరగంట నడుం వాల్చకూడదు. ఆ అరగంటా కాఫీ కూడా ఆపాలి, మన ఇళ్లలో అసలు కష్టం అదే!