తెల్లకాగితం కోర్టుకెక్కితే

తెల్లకాగితం మీద పొలం అమ్మకం రాసుకోవడం మన ఊళ్లలో ఉన్నదే. తగాదా కోర్టుకు చేరితే ఆ కాగితానికి మొదటి అడ్డంకి స్టాంపు. 1899 నాటి స్టాంపుల చట్టం 35వ సెక్షన్ ప్రకారం, తక్కువపడిన స్టాంపు సుంకం, జరిమానా కట్టేదాకా దాన్ని సాక్ష్యంగా తీసుకోరు. జరిమానా ఆ తక్కువపడిన సుంకానికి పదిరెట్ల దాకా ఉండవచ్చు. చిన్న రైతుకు ఇది మోయలేని భారమే.

సుంకం కట్టినా, రిజిస్టర్ కాని అమ్మకం దస్తావేజు యాజమాన్య హక్కును నిరూపించదు. పొలం ఎవరి స్వాధీనంలో, ఏ హోదాలో ఉందో చూపడం వంటి అనుబంధ విషయాలకు పనికొస్తుంది.

అవతలి పక్షం ఒకటి గమనించాలి. స్టాంపు మీద అభ్యంతరాన్ని కాగితానికి ఎగ్జిబిట్ నంబరు వేసే వేళకే చెప్పాలి. సాక్ష్యంగా స్వీకరించాక, అదే కేసులో ఆ అభ్యంతరం సాధారణంగా చెల్లదు. మీరు ఆ పక్షమైతే, నంబరు వేసే వాయిదాకు మీ వకీలు తప్పక హాజరయ్యేలా చూసుకోండి.